లావు అక్షరము, దాని స్వరము: క్లారెండన్ అచ్చు అక్షరముపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

గలతీయులకు వ్రాసిన పత్రిక చివరి భాగములో (6:11) అపొస్తలుడైన పౌలు, తాను స్వయముగా పెద్ద అక్షరాలతో వ్రాస్తున్న సంగతిని చదువరుల దృష్టికి తెచ్చాడు. అంతవరకు లేఖకుడు వ్రాయగా, ఆ చివరి మాటలను పౌలు తానే వ్రాసెనని చాలామంది వ్యాఖ్యానకర్తల అభిప్రాయము. అయితే అక్షరాలు ఎందుకు పెద్దవి? కంటిచూపు మందగించినందువలన అని కొందరు, విషయమును నొక్కి చెప్పుటకు అని కొందరు వివరించారు. ఏది సరియైనదో తేల్చుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. కాని ఆ రెండు కారణములను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని మనవి. అక్షరము పెద్దదగుటకు, లావగుటకు అచ్చు చరిత్రలో కూడ ఈ రెండే కారణములు: ఒకటి చూపు, రెండు నొక్కి చెప్పుట.

ఈ అంశముపై మాకు ఆసక్తి కలుగుటకు ఒక చిన్న సంఘటన కారణము. కొన్ని సంవత్సరాల క్రితము మా సంఘములో గృహ కూడికల కొరకు ఒక బైబిలు అధ్యయన పుస్తకమును అచ్చు వేయించాము. వాక్యములలో ముఖ్యమని మాకు తోచిన మాటలకు గుర్తు పెట్టి, వాటిని బోల్డు చేయుమని డి.టి.పి. చేయు తమ్మునికి చెప్పాము. పుస్తకము వచ్చిన తరువాత ఒక పెద్దావిడ దానిని చేత పట్టుకొని వచ్చి, “అయ్యగారూ, ఈ లావు అక్షరాల మాటలు ప్రభువు గట్టిగా చెప్పినవా?” అని అడిగింది. “కాదమ్మా, మేమే అలా వేయించాము” అన్నాము. ఆమె కొంచెము ఆలోచించి, “అట్లయితే ఆ గట్టితనము మీదన్నమాట” అన్నది. ఆమె మాటలో నింద లేదు. కాని సెమినరీలో చదివిన వ్యాఖ్యాన శాస్త్రమంతయు ఆ ఒక్క మాట ముందు కొంతసేపు తల వంచింది.

లావు అక్షరమనునది ఎక్కడ పుట్టినది, ఎట్లు పనిచేయును, ఎక్కడ మేలు, ఎక్కడ కీడు అను ప్రశ్నలకు జవాబు వెదకినప్పుడు మేము చేరుకొన్న చోటు 1845వ సంవత్సరపు లండను నగరము. అక్కడ పుట్టిన అచ్చు అక్షరము పేరు క్లారెండన్.

1. క్లారెండన్‌కు ముందు

అచ్చు యంత్రము వచ్చిన తరువాత దాదాపు నాలుగు వందల సంవత్సరముల వరకు, ఒక వాక్యము మధ్యలో ఒక మాటను లావుగా వేయుట అను అలవాటు లేదు. నొక్కి చెప్పవలసిన మాటను ఏటవాలు అక్షరాలలో (ఇటాలిక్) వేసేవారు, లేదా పెద్దబడి అక్షరాలలో వేసేవారు, లేదా పాతకాలపు నల్లని గోతిక్ అక్షరాలకు మారేవారు. శామ్యూల్ జాన్సన్ 1755లో ప్రకటించిన ప్రసిద్ధ ఇంగ్లీషు నిఘంటువులో పదములన్నియు పెద్దబడి అక్షరాలలోనే ఉన్నవి.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభములో పరిస్థితి మారినది. ఇంగ్లాండులో కర్మాగారాలు, అంగళ్లు, లాటరీలు, నాటకశాలలు పెరిగినవి. గోడలమీద అంటించు ప్రకటనలు పెరిగినవి. దారిన పోవువాని కన్ను పట్టుకొనే అక్షరము కావలసి వచ్చినది. లండనులోని ఫ్యాన్ స్ట్రీట్ టైపు ఫౌండ్రీ యజమానియైన రాబర్ట్ థార్న్ మొదలగువారు మిక్కిలి బొద్దుగా ఉండే అక్షరాలను పోత పోశారు. వాటిలో నిలువు గీతలు ఎంతో లావు, అడ్డ గీతలు వెంట్రుకవలె సన్నము. తరువాత విన్సెంట్ ఫిగ్గిన్స్ అను మరియొక ఫౌండ్రీ యజమాని, చివరన దిమ్మెలవంటి పాదాలున్న అక్షరములను ప్రవేశపెట్టాడు. ఇవి గోడపత్రికలకు సరిపోయినవి గాని, పుస్తకపు పుటలో మామూలు అక్షరము ప్రక్కన ఇమడలేదు. మెల్లగా మాట్లాడుచున్న సభలో ఒక్కడు డప్పు కొట్టినట్లు ఉండేది.

2. 1845: ఫ్యాన్ స్ట్రీట్ ఫౌండ్రీ

1820లో థార్న్ మరణించిన తరువాత ఆ ఫౌండ్రీని విలియమ్ థోరోగుడ్ కొన్నాడు. లాటరీలో గెలిచిన సొమ్ముతో కొన్నాడని చరిత్రకారులు చెబుదురు. అక్కడ పనిలో చేరి తరువాత భాగస్వామియైన రాబర్ట్ బెస్లీ, 1845లో బెంజమిన్ ఫాక్స్ అను పంచీలు చెక్కు నిపుణుని చేత ఒక కొత్త అక్షరమును చేయించాడు. దానికి క్లారెండన్ అని పేరు పెట్టాడు.

పంచీ అనగా ఉక్కు కడ్డీ చివర, అద్దములో కనబడునట్లు కుడి ఎడమలు తారుమారుగా చెక్కిన అక్షరము. దానిని రాగి పలకపై కొట్టి అచ్చుగుంట చేసి, ఆ గుంటలో సీసపు మిశ్రమమును పోసి అక్షరములు తీస్తారు. సీరాంపూరు మిషను ముద్రణాలయములో పంచానన్ కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్ భారతీయ భాషల అక్షరములకు పంచీలు చెక్కినది ఈ పద్ధతిలోనే. వెంట్రుక మందము తేడా వచ్చినా అక్షరము చెడిపోవును. లావు అక్షరములో ఆ తేడా మరింత కనబడును.

బెస్లీ, ఫాక్స్‌లు సాధించిన విశేషమేమి? క్లారెండన్ లావుగా ఉండుట అంత విశేషము కాదు. ఆ లావు అక్షరమును మామూలు పుస్తకపు అక్షరము సరసన, అదే పంక్తిలో, అదే గీతమీద నిలబడునట్లు చేశారు. కంపోజిటరు వేరొక పెట్టెనుండి అక్షరములు తీసి అదే వరుసలో పేర్చగలిగాడు. పుటలోని మిగిలిన మాటలతో పొందుగా ఉండి, అయినను వేరుగా కనబడు అక్షరము అది. నేడు కంప్యూటరులో ఒక మీట నొక్కి మనము చేయు “బోల్డు” అను పనికి ఇదే మూలము. ఇంగ్లాండు ముద్రాపకుల వాడుకలో “క్లారెండన్” అనుమాట చాలాకాలము ఏ లావు అక్షరమునకైనను సామాన్య నామముగా చెల్లినది.

1842లో చేయబడిన అలంకార రూపకల్పనల చట్టము క్రింద బెస్లీ తన అక్షరమును నమోదు చేయించాడు. అచ్చు అక్షరమునకు అట్టి రక్షణ పొందిన మొదటివానిలో ఒకటిగా దీనిని చెబుదురు. కాని ఆ రక్షణ మూడు సంవత్సరములే. గడువు తీరగానే ఇతర ఫౌండ్రీలు దానిని అనుకరించినవి. ఒకరి శ్రమను అందరూ వాడుకొన్నారు. అయితే ఆ అనుకరణ వలననే ఆ అక్షరము లోకమంతట వ్యాపించినది కూడ. బెస్లీ 1869లో లండను నగర మేయరు అయ్యాడు.

3. పేరు వెనుకనున్న సంఘ చరిత్ర

సంఘ చరిత్ర విద్యార్థులు క్లారెండన్ అను పేరు వినగానే మరొక సంగతిని తలంచుదురు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమునకు క్లారెండన్ ప్రెస్ అను పేరున్నది. అక్షరమునకు ఆ ముద్రణాలయము పేరే పెట్టబడినదని సాధారణముగా చెప్పబడుచున్నది. ఆ ముద్రణాలయమునకు ఆ పేరు ఎర్ల్ ఆఫ్ క్లారెండన్ అయిన ఎడ్వర్డ్ హైడ్ వలన వచ్చినది. ఇంగ్లాండు అంతర్యుద్ధమును గూర్చి ఆయన వ్రాసిన చరిత్ర గ్రంథము అమ్మకపు లాభములు ఆక్స్‌ఫర్డులో ముద్రణాలయ భవన నిర్మాణమునకు తోడ్పడినవి.

ఈ హైడ్ రెండవ చార్లెసు రాజుకు ప్రధాన మంత్రిగా ఉన్న కాలములోనే 1661 నుండి 1665 వరకు నాలుగు చట్టములు వచ్చినవి. వాటిని చరిత్రలో క్లారెండన్ కోడ్ అందురు. వాటన్నిటికి ఆయనే కర్త కాడని చరిత్రకారులు అంగీకరించినను పేరు ఆయనకే అంటుకొన్నది. 1662 నాటి ఏకరీతి చట్టము ప్రకారము ప్రార్థనా పుస్తకమును సంపూర్ణముగా ఒప్పుకొనని బోధకులు తమ సంఘములను విడువవలసి వచ్చినది. ఆ కాలములో అట్లు వెళ్లగొట్టబడినవారు దాదాపు 2,000 మంది. 1664 చట్టము ఇంటివారు గాక ఐదుగురికి మించి చేరిన ఆరాధన కూడికలను నిషేధించినది. 1665 చట్టము వెళ్లగొట్టబడిన బోధకులు తమ పూర్వపు సంఘమునకు ఐదు మైళ్ల లోపుకు రాకుండ చేసినది.

ఇక్కడ ఒక విచిత్రము చూడవలెను. 1861లో ఫ్యాన్ స్ట్రీట్ ఫౌండ్రీ చార్లెస్ రీడ్ చేతికి వచ్చినది. ఈయన తండ్రి ఆండ్రూ రీడ్ కాంగ్రిగేషనల్ సంఘ బోధకుడు, అనాథాశ్రమములు స్థాపించిన దాత, కీర్తన కర్త. అనగా క్లారెండన్ కోడ్ ఎవరిని బాధించెనో ఆ సంఘముల వారసుడే, రెండు శతాబ్దముల తరువాత, క్లారెండన్ అక్షరము పుట్టిన ఫౌండ్రీకి యజమాని అయ్యాడు. చార్లెస్ కుమారుడు టాల్బట్ బెయిన్స్ రీడ్ ఆ ఫౌండ్రీని నడిపించుచునే 1887లో ఇంగ్లాండు టైపు ఫౌండ్రీల చరిత్రను గ్రంథముగా వ్రాశాడు. బాలుర కొరకు కథలు కూడ వ్రాశాడు. ఒక పేరు కాలక్రమములో ఎవరి చేతిలోనికి పోవునో ఎవరు చెప్పగలరు!

4. అక్షర స్వరూపము

ఇంగ్లీషు అక్షరము గీత చివరనుండు చిన్న పాదమును సెరిఫ్ అందురు. క్లారెండన్‌ను గుర్తించుటకు ఈ క్రింది లక్షణములు చాలును.

మొదటిది, పాదములు. ఇవి దిమ్మెలవలె దళసరిగా ఉండును. కాని ఫిగ్గిన్స్ అక్షరములలోవలె గీతకు మొండిగా అతికించినట్లు ఉండవు. చెట్టు మొదలు నేలలోనికి దిగునప్పుడు ఏర్పడు వంపువలె, గీతయు పాదమును ఒక చిన్న వంపుతో కలియును. అక్షరము లావైనను మోటుగా కనబడకపోవుటకు ఈ వంపు ముఖ్య కారణము.

రెండవది, గీతల లావులోని తేడా. నిలువు గీత లావు, అడ్డ గీత కొంచెము సన్నము. అయితే ఆ తేడా మితముగా ఉండును. కనుక నాసిరకము కాగితముమీద అచ్చు వేసినను సన్నని గీతలు మాయము కావు.

మూడవది, చిన్నబడి అక్షరముల ఎత్తు. పెద్దబడి అక్షరములతో పోల్చినప్పుడు ఇవి ఎత్తుగా, లోపలి ఖాళీలు విశాలముగా ఉండును. లావు అక్షరమునకు ప్రాణము ఆ లోపలి ఖాళీయే. గీత లావగుచున్నకొలది ఖాళీ తగ్గును. ఖాళీ తగ్గినచో ఇంకు పూడుకొని అక్షరము మచ్చ అగును. నలుపును పెంచువాడు తెలుపును కాపాడవలెను.

నాల్గవది, గుండ్రని చివరలు. ‘ఎ’, ‘సి’, ‘ఎఫ్’, ‘ఆర్’ వంటి చిన్నబడి అక్షరముల చివర ఒక బొట్టువంటి గుండు ఉండును. పెద్దబడి ‘ఆర్’ కాలు చివర పైకి వంగును. ఈ రెంటివలన గంభీరమైన అక్షరములో కొంత ఆప్యాయత వచ్చినది.

ఇక వెడల్పు సంగతి. 1845 నాటి మొదటి క్లారెండన్ వెడల్పైనది కాదు. పుస్తకపు పంక్తిలో స్థలము తినకూడదు గనుక దానిని కొంచెము ఇరుకుగానే చేశారు. తరువాత ప్రకటనల అవసరమునుబట్టి వెడల్పైన రకములు వచ్చినవి. మనము నేడు క్లారెండన్ అనగానే తలంచు వెడల్పైన, నిండైన రూపము ఎక్కువగా 1950లలోని పునరుద్ధరణల వలన స్థిరపడినది. 1953లో స్విట్జర్లాండులోని హాస్ ఫౌండ్రీ కొరకు హెర్మన్ ఐడెన్‌బెంజ్ చేసిన క్లారెండన్, 1955లో అమెరికన్ టైప్ ఫౌండర్స్ కొరకు ఫ్రీమన్ క్రా చేసిన క్రా క్లారెండన్ వీటిలో ముఖ్యమైనవి. ఇరుకు అక్షరము పక్కవారికి చోటిచ్చును. వెడల్పు అక్షరము తానొక్కటే నిలుచుటకు చోటు అడుగును. అందుచేత ఒకటి పంక్తి మధ్యలోను, మరియొకటి శీర్షికలోను రాణించును.

5. ఉపయోగములు

(అ) నిఘంటువులు: క్లారెండన్ పుట్టిన అవసరమే ఇది. నిఘంటువు చదువువాడు మొదటినుండి చివరవరకు చదువడు, వెదకును. వెదకు కంటికి పదము వేరుగా, వివరణ వేరుగా కనబడవలెను. జేమ్స్ ముర్రే సంపాదకత్వములో 1884 నుండి భాగములుగా వెలువడిన ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువులో ముఖ్య పదములు క్లారెండన్ లావు అక్షరములలో ఉన్నవి. నిఘంటువులను వాడు మన విద్యార్థులు ఈ మేలును ప్రతిదినము అనుభవించుచున్నారు.

(ఆ) గోడపత్రికలు: అమెరికాలో డేరియస్ వెల్స్ 1827లో యంత్రముతో చెక్క అక్షరములు తయారుచేయు పద్ధతి కనిపెట్టాడు. 1834లో విలియమ్ లెవెన్‌వర్త్ ఒక నమూనానుండి చిన్నవి, పెద్దవి, ఇరుకువి, వెడల్పువి చెక్కు పరికరమును దానికి జోడించాడు. సీసపు అక్షరము పెద్దదైనచో బరువు, ఖరీదు ఎక్కువ. చెక్క అక్షరము తేలిక, చవక. క్లారెండన్ దళసరి పాదములు చెక్కలో విరిగిపోవు గనుక ఆ అక్షరము చెక్కకు బాగుగా అమరినది. అమెరికా పశ్చిమ ప్రాంతపు పాత ప్రకటనలలో మనము చూచు అక్షరములు ఈ కుటుంబమువే.

(ఇ) దారి సూచికలు: అమెరికా జాతీయ ఉద్యానవనముల దారి బోర్డులమీద చాలాకాలము క్లారెండన్ వాడబడినది. తరువాత రాలిన్సన్ అను కొత్త అక్షరము దాని స్థానములోనికి వచ్చినది. దూరమునుండి, కదులుచు చదువువానికి స్పష్టత కావలెను. హబక్కూకు 2:2లో ప్రవక్తకు దొరికిన ఆజ్ఞ ఇక్కడ గుర్తుకు వచ్చును. పరుగెత్తువాడు సహా చదువగలుగునట్లు పలకలమీద స్పష్టముగా వ్రాయవలెనని దానిని కొందరు అర్థము చేసికొందురు. ఎట్లు అర్థము చేసికొన్నను, చదువువాని పరిస్థితిని తలంచి వ్రాయవలెనను భావము అక్కడ ఉన్నది.

(ఈ) బైబిలు ముద్రణ: కేంబ్రిడ్జి ముద్రణాలయమువారి ‘కామియో’ అను ఇంగ్లీషు బైబిలు మూలపాఠము పెటిట్ మెడీవల్ క్లారెండన్ అను అక్షరములో ఉన్నది. పలుచని కాగితము, చిన్న పుట, చిన్న అక్షరము. ఆ ఇబ్బందులలో చదువువాని కంటికి తోడ్పడునట్లు కొంచెము దళసరియైన అక్షరమును ఎంచుకొన్నారు. ఇక్కడ ఒక భేదమును గమనించవలెను. పుట అంతయు సమానముగా దళసరియైనచో అది నొక్కి చెప్పుట కాదు, చూపుకు సహాయము మాత్రమే. ఏ మాటయు మరొక మాటకంటె ఎక్కువ కాలేదు. మా సంఘములోని పెద్దావిడ ప్రశ్న అట్టి పుటను చూచి పుట్టదు.

6. పరిశుద్ధ గ్రంథపు పుటలో ఎవరి స్వరము?

పుటలో కొన్ని మాటలు మాత్రమే వేరుగా కనబడినప్పుడు సమస్య వచ్చును. పాత గ్రీకు వ్రాతప్రతులలో లావు అక్షరములు లేవు, నేటివంటి ఉద్ధరణ చిహ్నములు లేవు. అధ్యాయములు మధ్యయుగములో వచ్చినవి. నేటి కొత్త నిబంధన వచన సంఖ్యలు రాబర్ట్ ఎస్టియెన్ 1551లో వేసినవి. కనుక పుటమీద కనబడు ప్రతి తేడా వెనుక ఒక సంపాదకుని నిర్ణయము ఉన్నది. మూడు ఉదాహరణములు చూచెదము.

మొదటిది, ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలు. 1611 ముద్రణలో మూలపాఠము నల్లని గోతిక్ అక్షరములలో ఉండగా, మూలభాషలో లేక అనువాదకులు భావపూర్తి కొరకు చేర్చిన మాటలను చిన్న రోమన్ అక్షరములలో వేశారు. తరువాతి ముద్రణలలో ఇవి ఇటాలిక్ అక్షరములైనవి. అనువాదకుల ఉద్దేశము వినయము: ఇవి మేము చేర్చినవి అని చెప్పుట. కాని ఇటాలిక్‌ను నొక్కి పలుకుట మామూలు పుస్తకముల అలవాటు. అందుచేత 1 రాజులు 13:27 వచనమును చదువు ఒక బోధకుడు, అక్కడ ఇటాలిక్‌లోనున్న ‘అతనికి’ అను అర్థమిచ్చు మాటను గట్టిగా పలుకగా, కుమారులు గాడిదకు బదులు తండ్రికే జీను కట్టినట్లయినదని ఇంగ్లీషు సంఘములలో ఒక హాస్యము ఉన్నది. వినయముతో వేసిన గుర్తు ఆర్భాటముగా వినబడినది.

రెండవది, ఎర్ర అక్షరముల బైబిలు. అమెరికాలో లూయీ క్లాప్ష్ అను సంపాదకుడు 1899లో ప్రభువు పలికిన మాటలను ఎర్ర సిరాతో వేసి కొత్త నిబంధనను ప్రకటించాడు. విశ్వాసులు దానిని ఆదరించారు. కాని యోహాను సువార్త 3వ అధ్యాయములో నీకొదేముతో ప్రభువు పలికిన మాటలు ఏ వచనముతో ముగియుచున్నవి? 15తోనా, 21తోనా? పండితులలో భేదాభిప్రాయము ఉన్నది. అయితే ఎర్ర సిరాకు సందేహము తెలియదు. అది ఏదో ఒకచోట ఆగవలెను. అది ఎక్కడ ఆగిన అక్కడనే చదువరి నమ్మకము కూడ ఆగును.

మూడవది, విద్యార్థులు ఎరిగినది. యునైటెడ్ బైబిల్ సొసైటీస్‌వారి గ్రీకు కొత్త నిబంధన నాల్గవ ముద్రణలో (1993) పాత నిబంధననుండి తీసికొన్న ఉద్ధరణములు లావు అక్షరములలో ఉన్నవి. ఇది ఎంతో ఉపకారము. కాని ఏది ఉద్ధరణము, ఏది కేవలము ఛాయామాత్రపు ప్రస్తావన అను నిర్ణయము సంపాదకులది. పరిశోధన పత్రము వ్రాయు విద్యార్థి “ఇది ఉద్ధరణము, ఎందుకనగా బోల్డులో ఉన్నది” అని వ్రాసినచో, అతడు సంపాదకుల నిర్ణయమును రుజువుగా చూపుచున్నాడు.

ఈ మూడింటిలోను తప్పు అక్షరముది కాదు. అక్షరము ఒక స్వరము. ఆ స్వరము ఎవరిదో చదువరికి తెలియకపోవుటయే తప్పు. ఆ పెద్దావిడ అడిగినది ఇదే.

7. తెలుగు లిపిలో లావు అక్షరము

తెలుగు అక్షరమునకు సెరిఫ్ లేదు. దానికి తలకట్టు ఉన్నది, వట్రువలు ఉన్నవి, గుడులు, ఒత్తులు ఉన్నవి. ఇంగ్లీషులో పనిచేసిన సూత్రములను అట్లే ఇక్కడకు తెచ్చుట కుదరదు. గుండ్రని లిపిలో లోపలి ఖాళీయే అక్షరమును గుర్తింపజేయును. నలుపు పెరిగినకొలది ఆ ఖాళీ పూడుకొనును.

‘ద’కు కడుపులో చుక్క ఉన్నచో ‘థ’. క్రింద చిన్న గీత ఉన్నచో ‘ధ’. అర్థము వేరు, అర్ధము వేరు. లావైన చిన్న అక్షరములో చుక్క పూడుకొని పోయినచో వాక్యమునకు అర్థము పోయి అర్ధమే మిగులును! ‘ప’ పైన విడివడి ఉండును, ‘వ’కు తలకట్టు కలిసి ఉండును. నలుపు మరీ ఎక్కువైనచో ఆ సందు మూసుకొని పరము వరమువలె కనబడును. ‘ఫ’ తోక, ‘ష’ లోపలి గీత, సంయుక్తాక్షరముల క్రింది ఒత్తులు, ఇవన్నియు ముందుగా దెబ్బతినునవే. అందుచేత తెలుగులో బోల్డు చేయునప్పుడు అక్షరము సైజు కూడ కొంచెము పెంచుట, పంక్తికి పంక్తికి మధ్య చోటు ఎక్కువ ఇచ్చుట అవసరము. బోల్డు రూపమును ప్రత్యేకముగా గీసిన ఫాంటును ఎంచుకొనవలెను. అది లేనప్పుడు కంప్యూటరు మామూలు అక్షరము చుట్టు నలుపు పూసి బోల్డు అనిపించును. అట్టి దానిలో ఖాళీలను కాపాడువాడు ఎవడును లేడు. బెంజమిన్ ఫాక్స్ చేతి పని విలువ ఇక్కడ తెలియును.

8. కాపరులకు కొన్ని సూచనలు

మనము ముద్రాపకులము కాము. అయినను సంవత్సరము పొడవున కరపత్రములు, ఆరాధన క్రమములు, పాటల పుస్తకములు, ఫ్లెక్సీలు వేయించుచునే ఉందుము. మా పొరపాట్లనుండి మేము నేర్చుకొన్నవి ఇవి.

1) అన్నియు లావైనచో ఏదియు లావు కాదు. ఒక సంవత్సరము మా సంఘ మహాసభల కరపత్రములో ప్రసంగీకుని పేరు, అంశము, స్థలము, తేదీ, ఆహ్వానించువారి పేర్లు అన్నియు బోల్డులోనే వేయించాము. “సభలు ఎప్పుడయ్యా?” అని కరపత్రము చేతిలో పట్టుకొనియే అనేకులు అడిగారు. తేదీ, స్థలము లావుగా ఉండి, మిగిలినవి మామూలుగా ఉన్నచో ఆ ప్రశ్న వచ్చెడిది కాదు.

2) వెడల్పైన లావు అక్షరము శీర్షికకు, ఫ్లెక్సీకి, గోడపత్రికకు తగినది. నాలుగైదు మాటలు మించినచో కన్ను అలసిపోవును. పేరాగ్రాఫు మొత్తము బోల్డులో వేయకూడదు.

3) వృద్ధుల కొరకు వేయించునప్పుడు అక్షరము లావుకంటె ముందు సైజు పెంచవలెను. మాకును యాభై దాటినవి, ప్రసంగ వేదికమీద అద్దములు లేనిదే చదువలేకున్నాము. మసకబారిన కంటికి నలుపు ఎంత అవసరమో, అక్షరము లోపలి తెలుపు అంతకంటె ఎక్కువ అవసరము.

4) లేఖన భాగములలో మన ఇష్టము చొప్పున బోల్డు చేయకుండుట మంచిది. తప్పనిసరియైనచో “లావు అక్షరములు మావి” అని ఆ పుటలోనే ఒక మాట వేయవలెను. పరిశోధన పత్రములలో ఈ నియమము ఎట్లును ఉన్నది. అది సంఘ విశ్వాసికి కూడ చెల్లవలసిన మర్యాద.

5) ఉపశీర్షికలు మూలపాఠములోనివి కావని బైబిలు తరగతులలో చెప్పవలెను. లూకా 15వ అధ్యాయములోని కథకు “తప్పిపోయిన కుమారుడు” అని లావు అక్షరాలలో శీర్షిక ఉన్నచో, ఇంటనే ఉండి తప్పిపోయిన పెద్ద కుమారుని చదువరి మరచిపోవచ్చును. శీర్షిక ఒకరికే వెలుగునిచ్చినది, ఉపమానము ఇద్దరినీ నిలబెట్టినది.

ముగింపు

క్లారెండన్ కథ ఒక చిన్న కథ. ఉక్కు కడ్డీమీద చెక్కిన కొన్ని గీతల కథ. కాని దానిలో చదువరిని గూర్చిన శ్రద్ధ ఉన్నది. వెదకువానికి పదము దొరకవలెను, దూరముగా ఉన్నవానికి మాట కనబడవలెను, మసక చూపు గలవానికి పంక్తి తెలియవలెను. ఈ సేవలో లావు అక్షరము నమ్మకమైన పనివాడు. అదే అక్షరము చదువరికి తెలియకుండ వాక్యములోనికి ప్రవేశించి ఏ మాట గొప్పదో నిర్ణయించునప్పుడు, అది పనివాడు కాక అధికారి అగుచున్నది.

ఆ అధ్యయన పుస్తకమును తరువాత మరల అచ్చు వేయించినప్పుడు వాక్యములలోని బోల్డు అంతయు తీసివేయించాము. ప్రశ్నలను మాత్రము లావుగా వేయించాము, అవి మావి గనుక. మొదటి ప్రతిని ఆ పెద్దావిడకే ఇచ్చాము. ఆమె పుటలు త్రిప్పి చూచి, “ఇప్పుడు ఏ మాట గట్టిదో నేనే చదివి తెలుసుకోవాలి, అంతేగా అయ్యగారూ?” అన్నది. అవునన్నాము. ఇంతకంటె మంచి వ్యాఖ్యాన సూత్రమును మేము తరగతి గదిలో వినలేదు.